పాత కొలువుకు పునరాగమనం – వృత్తి వికాసం

చదువు ముగించిన నాటి నుండి విశ్రాంతి పొందే నాటి వరకు మనిషి తన మేలుకొన్న వేళలలో అధికభాగం వృత్తిలోనే గడుపుతాడు. అయినా వృత్తిజీవితాన్ని గురించి మన పాఠ్యగ్రంథాలు చెప్పేది స్వల్పం. ఉద్యోగానికి దరఖాస్తు ఎట్లు వ్రాయవలెనో విద్యార్థులకు నేర్పుతున్నాము. ఉద్యోగాన్ని ఎట్లు విడువవలెనో, విడిచిన చోటికే మరల పోవలసి వస్తే ఏ మనసుతో పోవలెనో ఎవ్వరమూ నేర్పడం లేదు. ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచినది ఆ విషయాన్నే.

ఇది మాకు గ్రంథపఠనం వల్ల తట్టిన విషయం కాదు. కొన్ని సంవత్సరాల క్రితం ఒక సెలవుదినాన పూర్వ విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. బి.కాం. పూర్తిచేసిన పిదప అతడు హైదరాబాదు పాతబస్తీలో, పెండ్లి పత్రికల ముద్రణకు పేరుపడిన ఛత్తాబజారులో, ఒక చిన్న ప్రెస్సులో లెక్కలు వ్రాసే పనికి కుదిరాడు. లెక్కలతోపాటు ప్రూఫులు దిద్దడం, కాగితం బేరమాడి కొనడం, అవసరమైతే యంత్రం దగ్గర నిలబడడం కూడా అక్కడే నేర్చాడు. మూడేండ్ల తరువాత షార్జాలో ఒక పెద్ద ఆఫ్‌సెట్ ముద్రణాలయంలో పని దొరకగా వెళ్ళాడు. ఏడేండ్లు అక్కడ పనిచేసి, తల్లి అనారోగ్యం కారణంగా స్వదేశం చేరుకున్నాడు. వచ్చిన వారానికే పాత యజమాని నుండి కబురు అందింది: "నీ బల్ల ఖాళీగానే ఉన్నది బేటా, రా."

ఈ మాట చెప్పినప్పుడు అతని ముఖంలో సంతోషం లేదు. "సార్, వీధి వీధంతా మిఠాయి పంచి విమానమెక్కినవాణ్ణి. ఇప్పుడు అదే గల్లీలో అవే మెట్లు ఎక్కితే నలుగురూ ఏమంటారు?" అని అడిగాడు.

మేము క్షణమైనా ఆలోచించలేదు. "ముందుకు వేసిన అడుగు వెనుకకు తీయరాదు. నీ అనుభవానికి తగిన కొత్త చోటు వెదుక్కో" అని హితవు చెప్పి పంపాము. గురువు మాట మీది గౌరవంతో అతడు నగర శివారులోని వేరొక సంస్థలో చేరాడు. పది నెలలు తిరుగకముందే ఆ సంస్థ మూతపడింది. చివరి రెండు నెలల జీతం అతని చేతికి రాలేదు. ఆ పిదప ఎవ్వరినీ అడుగకుండా, మా వద్దకూ రాకుండా, అతడు ఛత్తాబజారు మెట్లు ఎక్కాడు.

ఒక సంస్థ మూతపడడానికి మేము బాధ్యులము కాము. కాని ఆనాడు మేము తూచినది నలుగురి మాటను. అతని పనిని తూచలేదు. ఆ లోపమే మమ్ము ఈ అధ్యయనానికి పురికొల్పింది.

సిగ్గు ఎందుకు?

మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థులందరూ ఎరిగిన సామెత ఒకటి ఉన్నది: "సుబహ్ కా భూలా షామ్ కో ఘర్ ఆ జాయే తో ఉసే భూలా నహీఁ కహతే." ఉదయం దారి తప్పినవాడు సాయంకాలానికి ఇల్లు చేరితే వానిని దారి తప్పినవాడని అనరు అని దీని భావం. దయ నిండిన సామెత. అయినా ఇందులోనూ ఒక మాట దాగి ఉన్నది: వెళ్ళడం పొరపాటు, రావడం దానికి దిద్దుబాటు. తెలుగులో "దూరపు కొండలు నునుపు" అనేటప్పుడు ధ్వనించేదీ ఇదే. వెళ్ళినవాడు మోసపోయి తిరిగి వచ్చాడని లోకం ముందుగానే తీర్పు వ్రాసి పెట్టుకొంటుంది. విద్య కోసమో, కుటుంబ పోషణ కోసమో, ఒక సిద్ధాంతం కోసమో వెళ్ళినవాడు దారి తప్పినవాడెట్లా అవుతాడు?

ఈ తీర్పుకు మూలం మన ఉద్యోగ సంప్రదాయంలో ఉన్నది. కులవృత్తులలోను, ప్రభుత్వ కొలువులలోను మనిషి ఒకచోట చేరితే జీవితాంతం అక్కడే ఉండేవాడు. ప్రభుత్వ నియమావళి ప్రకారం అనుమతి లేకుండా రాజీనామా చేసి వెళ్ళినవాని గత సేవ సాధారణంగా లెక్కకు రాదు. కనుక వెళ్ళడమంటే తెంచుకొనడమనే భావం నాటుకుపోయింది. కాని అదే ప్రభుత్వం 'లీన్' అనే మరొక పద్ధతిని కూడా పాటిస్తున్నది. అనుమతితో మరొక పదవికి వెళ్ళిన ఉద్యోగికి పరిమిత కాలం వరకు పాత పదవిపై హక్కు నిలిచి ఉండడమే లీన్. ఇంటి బిడ్డ పొరుగూరికి చదువుకు వెళ్తే చాప చుట్టి పక్కన పెట్టడమే గాని పారవేయకపోవడం వంటిది ఇది. పునరాగమనం సిగ్గుపడవలసిన సంగతి అయితే ఇట్టి నియమమే పుట్టేది కాదు.

ఇక లోకవిదితమైన రెండు జీవితాలను పరిశీలిద్దాము. ఒకటి విద్యారంగానికి, రెండవది విజ్ఞానరంగానికి చెందినది.

కట్టమంచివారి రెండవ రాక

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం స్థాపితమైనప్పుడు కట్టమంచి రామలింగారెడ్డిగారు దానికి ప్రథమ ఉపకులపతి అయ్యారు. 1930లో, దేశమంతటా శాసనోల్లంఘన ఉద్యమం సాగుతున్న రోజులలో, ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఆ పదవిని త్యజించారు. 1931 నుండి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆ స్థానాన్ని అలంకరించారు. 1936లో రాధాకృష్ణన్‌గారు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యులుగా వెళ్ళగా, రెడ్డిగారు తాము విడిచిన పీఠానికే తిరిగి వచ్చి 1949 వరకు కొనసాగారు.

ఇందులో మనం గమనించవలసిన అంశాలు రెండు. మొదటిది, విడిచిన తీరు. ఆయన విభేదించినది ప్రభుత్వ విధానంతో. విశ్వవిద్యాలయాన్ని నిందించి వెళ్ళలేదు. కారణం బహిరంగం, స్పష్టం. అందుచేత ఆరేండ్ల తరువాత తిరిగి రావడానికి ఎవ్వరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన అగత్యం కలుగలేదు. "ఏరు దాటి తెప్ప తగలేసినట్లు" అని మనవారు అంటారు. దాటిన ఏటినే మరల దాటవలసి వస్తుందని ఎరిగినవాడు తెప్పను ఒడ్డున కట్టి వెళ్తాడు.

రెండవది, ఆయన తిరిగి వచ్చినది తాము విడిచిన సంస్థకు కాదు. రాధాకృష్ణన్‌గారి కాలంలో అది వాల్తేరులో వేరూనింది, కొత్త శాఖలు తెరిచింది, హుమాయూన్ కబీర్ వంటి ప్రతిభావంతులైన యువ అధ్యాపకులను ఆకర్షించింది. తాము పునాది వేసిన ఇంటిపై మరొకరు అంతస్తు కట్టగా, ఆ ఇంటికి మరల గృహస్థుగా రావడం సామాన్యమైన పరీక్ష కాదు. "నేనున్నప్పుడు ఇట్లా లేదే" అనే మాట నాలుక చివరకు వస్తుంది. ఆ మాటను మ్రింగి, పెరిగిన ఇంటిని పెరిగినట్లుగానే స్వీకరించినవాడే దానిని మరింత పెంచగలడు. రెడ్డిగారి మొదటి పర్యాయం నాలుగైదేండ్లు, రెండవది పదమూడేండ్లు. ద్వితీయ ప్రపంచయుద్ధ కాలంలో విశ్వవిద్యాలయాన్ని వాల్తేరు నుండి గుంటూరుకు తరలించవలసి వచ్చిన కష్టదశలో దానిని నడిపినవారు ఆయనే. ఆయన పేరు ఆ సంస్థతో విడదీయరానిదైనది ఈ రెండవ రాక వల్లనే అని మా అభిప్రాయం.

కలాంగారి ఇరవైయేండ్ల ప్రదక్షిణం

రెండవ ఉదాహరణ మన నగరానికి మరింత సన్నిహితమైనది. అవుల్ పకీర్ జైనులాబ్దీన్ అబ్దుల్ కలాం 1931 అక్టోబరు 15న రామేశ్వరంలో జన్మించారు. తండ్రి పడవ యజమాని, మసీదులో ఇమాము. తిరుచిరాపల్లిలో భౌతికశాస్త్రం, మద్రాసులో విమాన ఇంజనీరింగు అభ్యసించిన కలాంగారు వాయుసేనలో చేరగోరారు. ఆ ఎంపికలో ఎనిమిది స్థానాలకు వారు తొమ్మిదవవారుగా మిగిలిపోయారు. అప్పుడు, 1958లో, రక్షణశాఖకు చెందిన సాంకేతికాభివృద్ధి సంస్థలో నెలకు 250 రూపాయల మూలవేతనంపై సహాయకునిగా చేరారు. రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ ఏర్పడినది కూడా ఆ ఏడాదే. బెంగుళూరులోని దాని శాఖలో ఆయన 'నంది' అనే హోవర్‌క్రాఫ్టును, అనగా గాలి మెత్తపై నేలకు తాకకుండా సాగే వాహనాన్ని, నిర్మించారు. వాహనం తయారైంది గాని ఆ పథకం అంతకు మించి ముందుకు సాగలేదు.

1962లో విక్రం సారాభాయి నాయకత్వంలోని అంతరిక్ష పరిశోధన జాతీయ సంఘంలో రాకెట్ ఇంజనీరు పదవి లభించగా కలాంగారు రక్షణశాఖను విడిచారు. అక్కడి నుండి ఇరవైయేండ్లు వారు అంతరిక్ష రంగంలోనే గడిపారు. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుండి తొలి రాకెట్ లేచిన నాటి బృందంలో ఉన్నారు. భారతదేశపు మొదటి ఉపగ్రహ వాహక రాకెట్ అయిన ఎస్.ఎల్.వి.–3 పథకానికి సంచాలకులయ్యారు. నాలుగు దశలు, సుమారు 17 టన్నుల బరువు గల ఆ రాకెట్ 1979 ఆగస్టు 10న మన శ్రీహరికోట నుండి లేచి బంగాళాఖాతంలో కూలింది. 1980 జూలై 18న అదే రకపు రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. కలాంగారి పేరు దేశమంతటా మారుమ్రోగింది.

అట్టి విజయశిఖరంపై ఉన్న మనిషికి పాత కొలువు నుండి పిలుపు వచ్చింది. అప్పటి రక్షణశాఖ శాస్త్ర సలహాదారు రాజా రామన్నగారు హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాలకు సంచాలకులుగా రమ్మని ఆయనను కోరారు. అది ఏమంత సుఖమైన ఆహ్వానం కాదు. సోవియట్ క్షిపణి ఒకదానిని విడదీసి, పరిశీలించి, దాని వంటిదానిని స్వయంగా తయారుచేయడానికి 1970ల దశకంలో ఆ ప్రయోగశాల తలపెట్టిన 'డెవిల్' పథకం క్షిపణిగా ఫలించకుండానే మూతపడింది. శ్రమ వ్యర్థమైందనే నిరాశ అక్కడి శాస్త్రజ్ఞులను క్రుంగదీసింది. అయినా కలాంగారు 1982 జూన్ 1న బాధ్యతలు స్వీకరించారు.

ఇరవైయేండ్ల ఎడబాటు తరువాత ఆ తలుపు తెరిచి ఉండడం యాదృచ్ఛికం కాదు. అంతరిక్ష సంస్థలో ఉన్నంత కాలం కూడా రక్షణశాఖతో ఆయన సంబంధం తెగలేదు. సైనిక విమానాలు తక్కువ దూరంలోనే నేల విడిచి లేచేందుకు తోడ్పడే రాకెట్ మోటార్ల పథకంలో పనిచేశారు. క్షిపణుల విషయమై ఏర్పడిన సంఘంలో సభ్యులుగా ఉన్నారు. డెవిల్ పథకాన్ని నిపుణులు సమీక్షించినప్పుడు ఆ సమీక్షలోనూ పాల్గొన్నారు. పాత ఇంటి కష్టసుఖాలు ఆయనకు దూరపు వార్తలు కాలేదు.

రెండు దశల పాఠం

హైదరాబాదు చేరిన కలాంగారు పాత పనిని చెత్తబుట్టలో వేసి, తాను తెచ్చినదానిని మాత్రమే నిలబెట్టి ఉండవచ్చు. విజయం చవిచూచినవానికి అట్టి ప్రలోభం సహజం. ఆయన ముందుగా అక్కడి శాస్త్రజ్ఞులను కూర్చోబెట్టి ఒక సంఘంగా ఏర్పరచి, ఏది చేయగలమో, ఏది చేయలేమో వారి నోటనే చెప్పించారు. ఆ చర్చల ఫలితంగా రూపొందిన ప్రణాళికను ఢిల్లీకి తీసికొనిపోగా, నాటి రక్షణమంత్రి ఆర్. వెంకట్రామన్‌గారు ఒకదాని వెంట ఒకటి గాక అన్ని క్షిపణులను ఏకకాలంలో చేపట్టుమని ప్రోత్సహించారు. 388 కోట్ల రూపాయల వ్యయంతో సమీకృత క్షిపణి అభివృద్ధి కార్యక్రమం 1983 జూలై 27న ఆరంభమైంది. పృథ్వి, త్రిశూల్, ఆకాశ్, నాగ్, అగ్ని అనే అయిదు పథకాలకు అయిదుగురు నాయకులను ఎంచి బాధ్యత వారికి అప్పగించారు.

ఇక్కడ విద్యార్థులు ప్రత్యేకంగా మనసు పెట్టవలసిన సాంకేతిక విషయం ఒకటి ఉన్నది. డెవిల్ పథకం క్షిపణిని ఇవ్వలేకపోయినా, ద్రవ ఇంధనంతో పనిచేసే ఇంజను విద్యను ఆ ప్రయోగశాలకు మిగిల్చింది. ఆ విద్యయే పృథ్వి క్షిపణికి ఇంజను అయింది. 1988 ఫిబ్రవరి 25న పృథ్వి మొదటిసారి ఎగిరినది శ్రీహరికోట నుండి. అనగా కలాంగారు విడిచి వచ్చిన అంతరిక్ష సంస్థవారి ప్రయోగ కేంద్రం నుండి. రెండవ ఇంటిని కూడా ఆయన మంచి మాటతోనే విడిచారనడానికి ఇంతకన్న నిదర్శనం వేరే కావలెనా?

ఇక 'అగ్ని' నిర్మాణాన్ని చూడండి. దాని తొలి రూపంలో రెండు దశలు ఉండేవి. మొదటి దశ ఘన ఇంధనంతో పనిచేసే ఎస్.ఎల్.వి.–3 రాకెట్ మొదటి దశ నుండి వచ్చింది. రెండవ దశ ద్రవ ఇంధనంతో పనిచేసే పృథ్వి నుండి వచ్చింది. అనగా ఒక దశ కలాంగారు బయట ఇరవైయేండ్లు శ్రమించి తెచ్చినది. రెండవ దశ ఆ ఇల్లు తన వైఫల్యాలలో సైతం పోగొట్టుకొనక దాచుకొన్నది. ఈ రెంటిలో ఏ ఒక్కటి లేకున్నా ఆ అగ్ని లేదు. 1989 ఏప్రిల్ 20న, మే 1న ప్రయోగ సన్నాహాలు చివరి ఘడియలలో ఆగిపోయి, పత్రికలు పరిహసించిన పిదప, మే 22న ఒడిశా తీరంలోని చాందీపూర్ నుండి అగ్ని నింగికెగసింది.

పునరాగమనం వికాసంగా మారే రహస్యం ఇదేనని మేము భావిస్తున్నాము. తిరిగి వచ్చినవాడు తెచ్చినది ఒక దశ. నిలిచి ఉన్నవారు కాపాడినది మరొక దశ. వచ్చినవాడు రెండవదానిని తృణీకరించినా, ఉన్నవారు మొదటిదానిని శంకించినా రాకెట్ నేల విడువదు.

కలాంగారు 1992 నుండి 1999 వరకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా, ఆ పరిశోధన సంస్థ మొత్తానికి అధిపతిగా పనిచేశారు. 1997లో భారతరత్న పొందారు. 2002 నుండి 2007 వరకు రాష్ట్రపతిగా ఉన్నారు. 2015 జూలై 27న షిల్లాంగులో విద్యార్థులకు ఉపన్యసిస్తూ ఉండగా కుప్పకూలి కన్నుమూశారు. నెలకు 250 రూపాయల సహాయకునిగా ఏ సంస్థ గడప తొక్కారో ఆ సంస్థకే శిరస్సు కావడం అందరికీ దక్కే భాగ్యం కాదు. కాని ఆయన పాటించిన క్రమం అందరికీ అందుబాటులోనిదే. దీనికి సాక్ష్యం మా పూర్వ విద్యార్థి.

ఛత్తాబజారులో ఏమి జరిగింది?

పాత ప్రెస్సులో చేరిన ఏడాదికి అతడు మా వద్దకు వచ్చి జరిగినదంతా చెప్పాడు. మొదటి మూడు నెలలు అతని నోట ఒకే మాట: "షార్జాలో ఇట్లా చేసేవాళ్ళం." ప్రెస్సులో అందరూ ఉస్తాద్ అని పిలిచే వృద్ధ ఫోర్‌మన్ తొలుత నవ్వి ఊరుకొన్నాడు, తరువాత మాటలాడడం మానివేశాడు. వానాకాలంలో ఒక పెద్దింటి పెండ్లి పత్రికలను షార్జా తరహా నున్నని మెరుపు కాగితంపై వేయించవలెనని అతడు పట్టుబట్టాడు. అచ్చు అద్భుతంగా వచ్చింది. తెల్లవారి చూస్తే తేమకు సిరా ఆరక ఒక పత్రిక మీది రంగు మరొకదాని వెనుక అంటుకొని అయిదు వందల పత్రికలు పాడైనాయి. యజమాని ఏమీ అనలేదు. ఉస్తాద్ మాత్రం అతని పక్కకు వచ్చి, వానాకాలంలో మెరుపు కాగితాన్ని ఎత్తుగా పేర్చరాదని, కొద్దికొద్దిగా విడదీసి గాలి తగిలేటట్లు పరచవలెనని చేసి చూపించాడు. చల్లని యంత్రగృహంలో ఏడేండ్లు పనిచేసినవానికి ఆ విద్య అవసరం పడలేదు.

"ఆ రోజు నుండి షార్జా పేరు ఎత్తడం మానుకున్నాను సార్. అక్కడ నేర్చిన పని మాత్రం మానలేదు" అన్నాడు. అక్కడ ప్రతి పనికీ ఒక చీటీ ఉండేది. కాగితం ఎంత, ప్లేట్లు ఎన్ని, సిరా ఎంత, యంత్రం ఎన్ని గంటలు నడిచింది అని అందులో వ్రాసేవారు. బి.కాం.లో చదివిన వ్యయగణన సూత్రాలకు ఆచరణరూపం అది. ఎవ్వరికీ ఉపన్యాసం ఇవ్వకుండా అతడు అట్టి చీటీలను ఇక్కడ తానే వ్రాయసాగాడు. గంటల లెక్క ఉస్తాద్‌ను అడిగి వ్రాసేవాడు. ఆరు నెలలకు ఆ చీటీలన్నీ పరచి చూడగా, ఏండ్లుగా లాభసాటి అనుకొన్న కొన్ని చిన్న పనులు నష్టానికే జరుగుతున్నాయని యజమానికి తెలిసివచ్చింది. ధరలు సవరించారు. నేడు ఆ ప్రెస్సు నిర్వహణ అంతా అతని చేతిలో ఉన్నది. అతడు తెచ్చినది చీటీ. ఉస్తాద్ దాచినది వానాకాలపు విద్య. అగ్ని క్షిపణి కథకూ దీనికీ పరిమాణంలోనే భేదం.

విద్యార్థులు గ్రహించవలసినవి

మొదటిది, ఉద్యోగాన్ని విడిచేటప్పుడు చేతిలోని పనిని పూర్తిచేసి, లెక్కలు అప్పగించి, కారణం సూటిగా చెప్పి విడువవలె. తిన్నింటి వాసాలు లెక్కపెట్టరాదు. కొత్త చోట పాత యజమానిని నిందించి మెప్పు పొందగోరేవాడు రెండు తలుపులూ మూసుకొంటాడు; వినేవాడు "రేపు నన్ను గురించీ ఇట్లే చెబుతాడు" అనుకొంటాడు.

రెండవది, దూరంగా ఉన్నప్పటికీ పాత సహోద్యోగులతో సంబంధం నిలుపుకోవలె. పండుగకు ఒక పలకరింపు, తెలిసిన విషయంలో ఒక సలహా చాలు.

మూడవది, తిరిగి పోయే ముందు రెండు ప్రశ్నలు వేసికోవలె. వెళ్ళిననాడు నా వద్ద లేనిది ఈనాడు ఏమున్నది? నేను లేని కాలంలో ఆ ఇల్లు నేర్చుకొన్నది ఏమిటి? మొదటి ప్రశ్నకు జవాబు లేనివాడు విశ్రాంతి కోరి పోతున్నాడు. రెండవదానికి జవాబు వెదుకనివాడు పెత్తనం కోరి పోతున్నాడు. ఇద్దరికీ వికాసం కలుగదు.

నాలుగవది, అన్ని పాత గడపలూ తొక్కదగినవి కావు. జీతం ఎగవేసినచోటికి, మర్యాద దక్కనిచోటికి, అక్రమానికి చేయి కలుపమన్నచోటికి, అవి మారినట్లు రుజువు లేనిదే, పోవలసిన పని లేదు. కొత్తదంటే భయపడి పాతదానిలో తలదాచుకొనడం కూడా పునరాగమనం అనిపించుకోదు.

సంస్థల నిర్వాహకులకు ఒక మనవి

ఈ విషయంలో సగం బాధ్యత ఇంటివారిది. పెద్దలైన కళాశాల కమిటీవారి సమక్షంలో వినయంతో ఒక మాట విన్నవించుకొంటున్నాము. పై చదువు కోసమో, మెరుగైన జీతం కోసమో వెళ్ళిన అధ్యాపకుణ్ణి కృతఘ్నునిగా ఎంచే అలవాటు మన విద్యాసంస్థలలో అక్కడక్కడ కనిపిస్తున్నది. చిన్న సంస్థలు పెద్ద జీతాలు ఇవ్వలేవు, ఇది వాస్తవం. కాని తలుపు తెరిచి ఉంచడానికి ధనం అక్కరలేదు. వెళ్ళేనాడు గౌరవంగా సాగనంపడం, అర్హులకు లీన్ మంజూరు చేయడం, పూర్వ అధ్యాపకులను ఏడాదికి ఒకమారైనా ఉపన్యాసానికి ఆహ్వానించడం స్వల్ప వ్యయంతో జరిగే పనులు. పరులు ఖర్చుపెట్టి తీర్చిదిద్దిన అనుభవం మన ఇంటికి నడచివస్తుంది.

అదే సమయంలో ఇంటిని విడువక నిలిచినవారి మనసు నొచ్చుకొనరాదు. వెళ్ళి వచ్చినవానికి పూలదండ, ఏండ్ల తరబడి నిలిచినవానికి మౌనం అయితే ఆ ఇంటిలో ఉస్తాద్‌లు మిగలరు. వచ్చినవాని సీనియారిటీ ఏమిటో, జీతం ఏమిటో ముందుగానే వ్రాతపూర్వకంగా తేల్చడం ఇరుపక్షాలకూ శ్రేయస్కరం.

ఇటీవల ఆ పూర్వ విద్యార్థి కనిపించినప్పుడు, ఆనాటి మా సలహాకు చింతిస్తున్నామని అతనితో చెప్పాము. అతడు నవ్వి, "ఆ పది నెలలు లేకపోతే ఉస్తాద్ మాట వినేంత వినయం నాకు వచ్చేది కాదేమో సార్" అన్నాడు. అది మాపై గౌరవంతో అన్న మాట అని మాకు తెలుసు. ఆ రెండు నెలల జీతం అతనికి నేటికీ రాలేదు. ఆ కాలంలో తల్లి మందులకు అప్పు చేశాడని కూడా మాకు తరువాత ఇతరుల వల్ల తెలిసింది.

కనుక, విద్యార్థులారా, రేపు మీలో ఎవరైనా ఇట్టి ప్రశ్నతో మా వద్దకు వస్తే మేము వెంటనే జవాబు చెప్పము. ముందుగా కూర్చోబెట్టి, నీవు తెచ్చినదేమిటి, అక్కడ మిగిలి ఉన్నదేమిటి అని అడుగుతాము. ఈ రెంటికీ నీ వద్ద జవాబు ఉంటే, నలుగురి మాట పక్కన పెట్టి ఆ మెట్లు ఎక్కుమనే చెబుతాము.